వెలుగుకి చోటు, కర్రకి చోటు

(కోనసీమలోని ఒక లంక ఊళ్లో, ఊరివాళ్లు ఆదివారాలు కలిసి కూర్చుని చేసుకున్న, గోదావరి డెల్టా పటంలా నదులు వెలిగే దీపాల బల్లను గ్రంథాలయానికి అప్పగించిన సాయంత్రం, పని నేర్పిన వడ్రంగి మాస్టారి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు ఆ ట్యూబ్‌లైట్లు ఆర్పండి, తలుపు కూడా దగ్గరగా వేయండి. ఆఁ, ఇప్పుడు చూడండి.

అదిగో ఆ పై అంచున ధవళేశ్వరం. నల్లగా అడ్డంగా కనపడుతున్న నాలుగు ముక్కలూ ఆనకట్ట చేతులు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన పాత ఆనకట్ట కూడా ఈ నాలుగు చేతులతోనే ఉండేది. అక్కణ్నుంచి సముద్రం వైపు తిరిగి చూస్తే ఎడంచేతి పాయ గౌతమి, యానాం పక్కగా వెళ్తోంది. కుడిచేతిది వశిష్ఠ, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి చీలి ఓడలరేవు వైపు పోయేది వైనతేయ. మధ్యలో చీకటిగా ఉన్న కర్రంతా మనం. అదిగో అక్కడెక్కడో ఈ గది, ఈ బల్ల.

లైట్లు వేసేయండి. చాలు.

బాగుందని అందరూ అంటున్నారు, సంతోషం. కానీ పైన కనపడే అందం గురించి నేను మాట్లాడను, అది మీ కళ్లే చెప్తాయి. ఈ బల్లలో మేం వదిలిన ఖాళీల గురించి మాట్లాడతాను. పద్నాలుగు మందిమి, పద్నాలుగు ఆదివారాలు. అందులో సగం రోజులు ఎక్కడ ఎంత చోటు వదలాలా అని తేల్చుకోడానికే పట్టాయి. నలభై ఏళ్లుగా ఉలి పట్టుకున్నవాణ్ని, ఐటీఐలో పిల్లలకి ఈ పని నేర్పినవాణ్ని. ఒక వస్తువులో ఇన్ని రకాల ఖాళీలు కావలసి రావడం నేనూ ఇక్కడే చూశాను.

కర్ర సంగతి మొదట చెప్తాను. ఇది పనస. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది కదండీ, ఆ రోజు మన ఊళ్లో ఒకరి దొడ్లో పడిపోయిన చెట్టు. వాళ్లు పొయ్యిలోకి కొట్టించకుండా మిల్లుకి తోలి, రెండంగుళాల పలకలు కోయించి, పలకకీ పలకకీ మధ్య రీపరు ముక్కలు పెట్టి అటక మీద పేర్చారు. ఆ ఇంటి పెద్దావిడ ఇక్కడే ఉన్నారు, చేతులెత్తి దణ్ణం పెడుతున్నానమ్మా. పలక అంగుళం మందానికి ఏడాది ఆరాలని మా నాన్నగారి లెక్క. రెండంగుళాలకి రెండేళ్లు చాలు, దీనికి ఆరేళ్ల పైన దొరికింది. అంత ఆరిన కర్ర ఈ రోజుల్లో అడితికి వెళ్లి అడిగితే దొరకదు.

పనస ఎందుకంటే, ఒకటి చెదకి తట్టుకుంటుంది. రెండోది రంగు. కోసినప్పుడు పసుపుకొమ్ము విరిచినట్టుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగులోకి దిగుతుంది. బొబ్బిలి వీణలు, నూజివీడు వీణలు చేసేది ఈ కర్రతోనే. దాని పక్కన తెల్లటి వెలుగు పెడితే ఆసుపత్రిలా ఉంటుంది. అందుకే దీపం కూడా పసుపు ఛాయది, మూడు వేల కెల్విన్లది తీసుకున్నాం. కాళ్లు మాత్రం టేకు. ఒక మండువా ఇల్లు విప్పినప్పుడు వచ్చిన దూలాలవి. ఆ కాలంలో పాపికొండల ఎగువ నుంచి తెప్పలు కట్టి గోదారిలో దించేవారు టేకుని. ఆ గోదారినే మళ్లీ దాని నెత్తిమీద పెట్టాం.

ఇక మొదటి ఖాళీ. నాకు పాతికేళ్లప్పుడు మా మేనత్త ఇంటికి భోజనాల బల్ల చేశాను. శ్రావణ మాసంలో పని. పై పలకని ఫ్రేముకి జిగురు పెట్టి, మేకులు దిగ్గొట్టి, ఇక పదితరాలు కదలదనుకున్నాను. రోహిణి కార్తె వచ్చింది, పడమటి గాలి మొదలైంది. ఒక మధ్యాహ్నం తుపాకీ పేలినట్టు చప్పుడైందట, చూస్తే పలక ఈ చివర నుంచి ఆ చివరికి నిలువునా చీలింది. అత్త ఏమీ అనలేదు. ఆ చీలిక మీద గుడ్డ పరిచి ఇరవై ఏళ్లు అన్నం పెట్టింది. ఆ గుడ్డ చూసినప్పుడల్లా నాకు గొంతులో అడ్డం పడేది.

తప్పు ఎక్కడుందంటే, కర్ర నిలువున పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. ఈ నాలుగడుగుల బల్ల మన తేమలో ఏడాదికి పావు అంగుళం పైనే కదలొచ్చు. కదలనివ్వకపోతే చీలుతుంది. అందుకని దీని కింద చూస్తే స్క్రూ బెజ్జాలు గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి. మధ్యలో రెండు స్క్రూలే బిగువు. మిగతావన్నీ వాషరు వేసి, పలక జరిగితే తామూ జరిగేటట్టు పెట్టాం. ఇంటర్ చదివే తమ్ముడొకడు వదులుగా ఉందేంటి మాస్టారూ అని మొత్తం బిగించేశాడు ఒక వారం. తర్వాతి వారం వాడే వచ్చి, అన్నీ తానే విప్పి, ప్రతి బెజ్జంలోనూ అటూ ఇటూ ఎంత ఉందో కొలిచి రాసి పెట్టాడు. ఆ కాగితం బల్ల అడుగున అంటించే ఉంది.

అడుగున అంటే గుర్తొచ్చింది. పాలిష్ పైన ఎన్ని కోటింగులు వేశామో అడుగునా అన్నే వేశాం. పైన మూడు, కింద మూడు. పైన మాత్రమే పూస్తే కింది వైపు గాల్లో తేమని తాగుతుంది, పై వైపు తాగదు. అప్పుడు పలక తాటాకులా ముడుచుకుపోతుంది. ఎవరూ చూడని చోట అంత పాలిష్ ఎందుకండీ అని డబ్బు లెక్క చూసేవాళ్లు అడిగారు. అందుకేనండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ నదులు కర్రలో చెక్కినవి కావు, కర్రని అడుగుదాకా కోసినవి. కింద దీపం ఉంది, వెలుతురు పైకి రావాలి కాబట్టి కొయ్యక తప్పదు. కానీ ఆలోచించండి. వశిష్ఠని కోసి సముద్రం అంచుదాకా తీసుకెళ్తే బల్ల రెండు ముక్కలు. గౌతమిని కోస్తే మూడు. వైనతేయని కోస్తే రాజోలు వైపు విడిగా పడిపోయి నాలుగు. మన డెల్టాకి వచ్చిన కష్టమే బల్లకీ వచ్చింది! రెండు ఆదివారాలు మేం దీని చుట్టూ నిలబడి చూస్తూనే ఉన్నాం. దక్షిణం అంచున మూడంగుళాల కర్ర కొయ్యకుండా వదిలేద్దాం, పట్టు ఉంటుంది అన్నాను నేను. పిల్లలు ఒప్పుకోలేదు. గోదారి సముద్రానికి చేరకుండా ఆగిపోతే అది గోదారి ఎలా అవుతుంది మాస్టారూ అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

దారి చూపించింది డిగ్రీ చదివే ఒకమ్మాయి. ఊళ్లు ఎలా కలిశాయో అలాగే కలుపుదామంది. వంతెనలు. కర్ర ఒకటిన్నర అంగుళం మందం కదా, వంతెన ఉన్న చోట పై సగమే తొలిచి, కింది సగం వదిలేశాం. జొన్నాడకీ రావులపాలేనికీ మధ్య ఒకటి, యానాం, ఎదుర్లంకల మధ్య ఇంకొకటి, ఈ రెండూ గౌతమి మీద. సిద్ధాంతం, చించినాడ వశిష్ఠ మీద. వైనతేయ మీద బోడసకుర్రు, ఇంకా నది మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడెక్టు. ఆరు చోట్ల, ఒక్కోటీ ముప్పావు అంగుళం వెడల్పు. ఇందాక వెలిగించినప్పుడు నదుల మీద అక్కడక్కడ సన్నటి నీడలు చూశారు చూడండి, అవే. ఆ నీడలు పోగొట్టే ఉపాయం ఉంది. ఉంచేద్దామనుకున్నాం.

దానికోసం పలకల దిక్కు మార్చాల్సి వచ్చింది. నదులు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి, వంతెనలు తూర్పు పడమర. వంతెనకి బలం ఉండాలంటే కర్ర పోగు దాని పొడుగునా నడవాలి, అడ్డంగా ఉంటే బిస్కెట్టులా విరుగుతుంది. కాబట్టి పలకలన్నీ తూర్పు పడమరగా పేర్చాం. ఏడేసి అంగుళాల పలకలు ఏడు, జిగురు పెట్టి అతికి, అంచులు సాపు చేస్తే నాలుగడుగులు. ఏడు అనగానే సప్తగోదావరులు అన్నారెవరో. అది లెక్కలో వచ్చిన ఏడేనండి, కానీ విన్నాక నాకూ బాగుందనిపించింది.

బల్ల చదరంగా ఎందుకుందని ఇందాక ఒకాయన అడిగారు. మొదట ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు అనుకున్నాం. పటం తెచ్చి కొలిస్తే ధవళేశ్వరం నుంచి అంతర్వేది ఎంత దూరమో, నరసాపురం నుంచి యానాం అవతలి దాకా కూడా ఇంచుమించు అంతే ఉంది. మూడడుగుల వెడల్పులో పెడితే కోనసీమని నొక్కేసినట్టు అవుతుంది. మన ఊరి పటాన్ని మనమే నొక్కేస్తే ఎలా? అందుకని నాలుగడుగుల చదరం. ఒక సెంటీమీటరుకి ఆరువందల మీటర్లు. సన్నటి చోట్ల మాత్రం కొలతని పట్టించుకోలేదు, అరంగుళం కన్నా తక్కువైతే కర్ర తొలిచే రౌటర్ యంత్రం దిగదు, వెలుగూ సరిగా రాదు.

పటం కర్ర మీదికి ఎక్కించిన విధానం నేను ఎవరికీ నేర్పింది కాదు, నేర్చుకున్నది. మగ్గం వర్కు చేసే చెల్లెమ్మ ఒకరున్నారు మనలో. ఆవిడ బల్ల సైజు ట్రేసింగ్ కాగితం మీద నదులు గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, పలక మీద పరిచి, సుద్దపొడి కిరసనాయిల్లో కలిపి గుడ్డతో రుద్దారు. కాగితం తీస్తే గోదారి చుక్కల్లో దిగిపోయింది. జాకెట్టు మీద నెమలి దిగినట్టే. మేం కార్బన్ కాగితంతో రెండు గంటలు పడ్డ అవస్థ ఆవిడకి పావుగంట. తళ్లరేవు వైపు పడవలు కట్టిన తాతగారొకరు అది చూసి, పడవ పక్కపలక వంపుకి మేమూ అచ్చు తీసుకునేవాళ్లం అని, తర్వాత ఆ వంపుల కోత దగ్గర ఆయనే నిలబడ్డారు.

పద్నాలుగు మంది ఒక బల్ల మీద ఎలా పనిచేశారని బయటివాళ్లు అడుగుతున్నారు. బల్ల చుట్టూ ఒకేసారి నలుగురికే చోటుంటుంది. మిగతావాళ్లని ఖాళీగా నిలబెడితే మూడోవారం రారు. కాళ్లు, ఫ్రేము ఒక జట్టు; పై పలక ఒక జట్టు; దీపాల పెట్టె ఒక జట్టు; నున్నగా చేసి పాలిష్ వేయడం ఒక జట్టు. నెలకోసారి జట్లు మారాలి. అందరూ చిత్రిక పట్టాలి, అందరూ టంకం వేయాలి. విడివిడిగా చేసినవి చివర్లో కలవాలి కదా, అక్కడ దెబ్బ తిన్నాం. ఒక జట్టు టేపు కొక్కెం వంగి ఉంది, ఎనిమిదో వంతు అంగుళం తేడా. దీపాల పెట్టె ఫ్రేములోకి దూరలేదు. ఆ రోజు టేపులన్నీ పక్కన పెట్టించి, ఒక సన్నటి టేకు రీపరు మీద అన్ని కొలతలూ గీతలు పెట్టి కొలకర్ర చేశాం. ఇక అంకెలు లేవు, గీత ఉంది, గీత పెట్టి గీత గీయడమే. పాత వడ్రంగులు ఇలాగే చేసేవారు. ఆ కొలకర్ర గ్రంథాలయం బీరువా పక్కన ఉంది, పారేయకండి. ఇంకో బల్ల చేస్తే పనికొస్తుంది.

యంత్రాల దగ్గర మాత్రం నేను కఠినంగానే ఉన్నాను, ఇకముందూ ఉంటాను. రౌటర్ దగ్గరికి చున్నీ వేసుకుని రాకూడదు, లుంగీ అంచు వేలాడకూడదు, చేతికి గ్లవ్స్ కూడా వద్దు. తిరిగే బిట్టు గ్లవ్‌ని పట్టుకుంటే వేలిని కూడా లాక్కుంటుంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. పద్నాలుగు వారాల్లో ఎవరికీ చిన్న గాయం తప్ప ఏమీ కాలేదు. నాకు ఈ బల్ల కన్నా ఆ మాటే ఎక్కువ తృప్తి.

రెజిన్ పోయలేదేం అంటున్నారు కుర్రాళ్లు. ఫోన్లలో చూస్తున్నాం, నీలంగా నది పోసినట్టు బల్లలు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ రెజిన్ గట్టిపడేటప్పుడు తనలో తానే వేడెక్కుతుంది. మందంగా ఒకేసారి పోస్తే ఇంకా కాగుతుంది, పగుళ్లిస్తుంది. మన మే నెలలో రేకుల షెడ్డులో ఆ పని వద్దనిపించింది. దాని వాసన కూడా ఇంత చిన్న గదిలో పిల్లలు పీల్చేది కాదు. ఇంతకన్నా పెద్ద కారణం ఒకటుంది. ఒక పట్నంలో ఒక దుకాణం కౌంటరు చూశాను. చక్కటి చెక్క, మధ్యలో రెజిన్, దాని లోపలే ఎల్‌ఈడీ పట్టీ వేసి పోసేశారు. రెండేళ్లకి పట్టీలో ఒక ముక్క ఆరింది. తీయడానికి దారి లేదు. దీపం కోసం కర్రని పగలగొట్టాలి. నన్ను పిలిచి ఏదైనా చేయమన్నారు, ఏమీ చేయలేక తిరిగొచ్చాను. ఆ కౌంటరు తర్వాత కట్టెలకింద పోయింది.

పనస కర్ర యాభై ఏళ్లు ఉంటుంది, బాగా చూసుకుంటే వందేళ్లు. ఎల్‌ఈడీ పట్టీకి పాతికవేల గంటలని పెట్టె మీద రాస్తారు, రోజుకి నాలుగు గంటలు వెలిగిస్తే పదిహేడేళ్లు లెక్క. లెక్క అంతే, మన ఉప్పుగాలికి టంకాలు అంతకుముందే పచ్చబారతాయి. దానికన్నా ముందు అడాప్టరు పోతుంది. కర్రదొక ఆయుష్షు, దీపానిదొక ఆయుష్షు. రెండిటినీ కలిపి అతికిస్తే పెద్ద ఆయుష్షున్నది చిన్నదానితోపాటే పోతుంది. అందుకని దీపాలన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని సొరుగులా చేశాం. సముద్రం వైపు అంచున రెండు స్క్రూలు తీసి లాగితే మొత్తం బయటికి వచ్చేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్ల కూడా మార్చగలదు. మార్చి చూపించింది కూడా.

నదిలో తెల్లగా ఉన్నది పాలరంగు ఆక్రిలిక్ ప్లాస్టిక్ పలక, ఐదు మిల్లీమీటర్లది. కర్ర అంచుల్లో గాడి తీసి దాంట్లో కూర్చోబెట్టాం. ఆక్రిలిక్ కూడా వేడికి సాగుతుంది, ఇరవై డిగ్రీలు పెరిగితే మీటరు ముక్క ఒకటిన్నర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. అందుకని ఒకే పొడుగు ముక్క వేయలేదు. ముక్కకీ ముక్కకీ సందు వదిలాం, ఆ సందులు వంతెనల నీడలో పడేటట్టు చూశాం. అంచుల్లో కొద్దిగా సిలికాన్. ఇది పడవల తాతగారి పర్యవేక్షణ. నీరైనా వెలుతురైనా సందు దొరికితే చాలు బయటికొస్తుందని ఆయన చీకటి గదిలో దీపం వెలిగించి, బల్ల చుట్టూ వంగి, కారుతున్న ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టారు. పదకొండు చోట్ల కారింది మొదటిసారి. మామూలు బల్లకి ఆ పదకొండు సందులూ ఎవరికీ కనపడవు. దీపం పెట్టేసరికి ఒక్కటీ దాగలేదు.

దీపానికి కూడా చోటు కావాలి. మొదట మేం పట్టీని ఆక్రిలిక్‌కి అరంగుళం కిందే అంటించాం. వెలిగిస్తే గోదారి కనపడలేదు, చుక్కల వరుస కనపడింది, తీర్థంలో సీరియల్ బల్బుల్లా. పట్టీలో మీటరుకి అరవై దీపాలు, అంటే దీపానికీ దీపానికీ దాదాపు పదిహేడు మిల్లీమీటర్లు. కనీసం అంత దూరమైనా కిందికి దించితే తప్ప ఒకదాని వెలుగు ఒకదాంట్లో కలవదు. మేం రెండున్నర అంగుళాలకి దించి, పెట్టె లోపలంతా తెల్లరంగు వేశాం. చుక్కలు పోయి నది వచ్చింది. ఆ క్షణాన గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకైతే పుష్కరాలప్పుడు తెల్లారుజామున రేవులో నిలబడ్డట్టు అనిపించింది.

కరెంటు పనంతా రిటైరైన లైన్‌మన్ గారి చేతిమీదుగా. అడాప్టరు గోడ దగ్గరే ఉండాలి, బల్లలోకి పన్నెండు వోల్టులే రావాలి, పిల్లలు చేతులు పెట్టే చోట రెండువందల ముప్ఫై వద్దన్నారు. ఐదు మీటర్ల పట్టీ, మీటరుకి ఐదు వాట్లలోపు, మొత్తం పాతిక వాట్లు అనుకోండి. దానికి ముప్పై ఆరు వాట్ల అడాప్టరు వేశారు, ఊపిరాడేట్టు. పట్టీని ఎక్కడపడితే అక్కడ కొయ్యకూడదు, మూడేసి దీపాలకి ఒక కోతగుర్తు ఉంటుంది, అక్కడే. ఒక చివరి నుంచే కరెంటిస్తే అవతలి చివర మసకబారుతుంది, అందుకని రెండు చివర్ల నుంచీ ఇచ్చారు. పంటకాలవ శివారు భూమికి నీరు అందనట్టే అంటే పిల్లలకి వెంటనే అర్థమైంది.

ఒక్క మాట పాఠకులకి. ఈ వెలుగు చదువుకోడానికి కాదు. కింది నుంచి వచ్చే వెలుగులో చదివితే కళ్లు పీకుతాయి. చదివేటప్పుడు పై లైటు వేసుకోండి, దీన్ని డిమ్మరు తిప్పి బాగా తగ్గించండి లేదా ఆర్పేయండి. చిన్నపిల్లలకి మన ఊరు ఎక్కడుందో, ఏ పాయ ఎటు పోతుందో చూపించేటప్పుడు వెలిగించండి. వేడి టీ గ్లాసు కర్ర మీద పెట్టినా పరవాలేదు, ఆ పాలిష్ తట్టుకుంటుంది. ఆక్రిలిక్ మీద మాత్రం వద్దు. తుడిచేటప్పుడు మెత్తటి తడిగుడ్డ చాలు, స్పిరిట్ పెట్టారంటే ఆక్రిలిక్ గీతలు పడి పగుళ్లిస్తుంది.

చివరగా, ఇందాక వెలిగించినప్పుడు మీరు గమనించారో లేదో, చించినాడకి దిగువన వశిష్ఠ కాస్త మసగ్గా ఉంది. నిన్న రాత్రి బాగానే ఉంది. టంకం ఒకటి వదిలినట్టుంది. లైన్‌మన్ గారు ఇప్పుడే విప్పుదామంటున్నారు, నేను వద్దన్నాను, ఆ పని పిల్లలు చేస్తారు. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి. పెట్టె లాగడం ఎవరెవరు నేర్చుకోవాలనుకుంటున్నారో పేర్లు చెప్పండి, స్క్రూడ్రైవరు ఇంటినుంచి తెచ్చుకోండి. కాఫీలు అటుపక్క వరండాలో ఉన్నాయండి.